స్థోమత మేరకు దక్కిన హక్కు

వికలాంగుల హక్కుల కోసం మన దేశంలో తొలి సమగ్ర చట్టం 1995 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొంది, 1996 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చింది. అందులో 44, 45, 46 సెక్షన్లు మూడూ మనిషి ఇల్లు దాటి బయటికి రావడానికి సంబంధించినవి. రైలు పెట్టెలు, బస్సులు, ఓడలు, విమానాలు వికలాంగులు సులువుగా ఎక్కగలిగేలా ఉండాలని మొదటిది చెప్పింది. కూడళ్లలో చూపులేనివారికి వినపడే సంకేతాలు పెట్టాలని, ఫుట్‌పాత్ అంచులను వీల్‌చైర్ దిగేలా వాలుగా కట్టాలని, రైల్వే ప్లాట్‌ఫారం అంచున కాలికి తగిలే గుర్తులు చెక్కాలని రెండోది చెప్పింది. ప్రజలు వచ్చిపోయే భవనాలకు, ఆసుపత్రులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ర్యాంపులు ఉండాలని, లిఫ్టుల్లో బ్రెయిలీ గుర్తులు ఉండాలని మూడోది చెప్పింది. వీటిలో అనవసరమైనది ఒక్కటీ లేదు. అయితే మూడు సెక్షన్లూ మొదలయ్యేది ఒకే షరతుతో. ఆయా సంస్థలు తమ ఆర్థిక సామర్థ్యానికి, అభివృద్ధికి లోబడి ఈ పనులు చేయాలట. ఎప్పటిలోగా చేయాలో చట్టం చెప్పలేదు. చేయకపోతే ఏమవుతుందో కూడా చెప్పలేదు. జైలు, జరిమానా అన్న మాటలు ఆ చట్టంలో ఉన్నది వికలాంగుల ప్రయోజనాలను మోసంతో కాజేసినవారి కోసమే. హక్కును ఏ సెక్షన్ ఇచ్చిందన్న దానికంటే ఏ షరతు, ఏ గడువు, ఏ శిక్ష దాని వెంట వచ్చాయన్నదే ఇలాంటి చట్టాల తలరాతను నిర్ణయిస్తుంది. ముప్పై ఏళ్ల మన అనుభవం అదే చెబుతోంది. ఆ షరతులూ గడువులూ రూపుదిద్దుకునేది సభలో ఉపన్యాసాలప్పుడు కాదు, సంఘాల గదుల్లో, సవరణల కాగితాల్లో, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోని నిబంధనల్లో.

ఆ తొలి చట్టం ఒక్కరోజులో పుట్టలేదు. 1981ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా జరిపింది. చట్టం ఎలా ఉండాలో చెప్పమని ప్రభుత్వం జస్టిస్ బహరుల్ ఇస్లాం అధ్యక్షతన వేసిన సంఘం 1988లోనే నివేదిక ఇచ్చింది. దాన్ని ఏళ్ల తరబడి పక్కన పెట్టారు. 1992 డిసెంబరులో బీజింగ్‌లో ఆసియా పసిఫిక్ దేశాలు 1993 నుంచి 2002 వరకు వికలాంగుల దశాబ్దంగా ప్రకటించుకోవడంతో మన ప్రభుత్వం మీద కూడా ఒత్తిడి పెరిగింది. జావేద్ అబిది వంటి వీల్‌చైర్ వాడే నాయకులు ఢిల్లీ వీధుల్లోకి వచ్చారు. శీతాకాల సమావేశాల చివర్లో బిల్లు గట్టెక్కింది. ఏదో ఒక చట్టం రావడమే గెలుపుగా కనిపించిన సమయమది. 1991 జనాభా లెక్కల్లో వికలాంగులను అసలు లెక్కించనే లేదు. లెక్కలో లేని మనుషులకు చట్టంలో చోటు దొరకడం చిన్న విషయం కాదు. అందుకే స్థోమత షరతును అప్పుడు పెద్దగా ఎవరూ తప్పుపట్టలేదంటే అర్థం చేసుకోవచ్చు. దాని ఫలితాన్ని మాత్రం కొట్టిపారేయలేం.

ఆ షరతు కోర్టులోనూ ఎదురైంది. విమానాశ్రయాల్లో వీల్‌చైర్‌తో సహా మనిషిని విమానం తలుపు దాకా ఎత్తే యంత్రాల కోసం, టికెట్టులో రాయితీ కోసం అబిది వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1998 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. చట్టం ఆశయాన్ని గుర్తించి ఊరట కల్పిస్తూనే, విమాన సంస్థ ఆర్థిక స్థితినీ లెక్కలోకి తీసుకుంది. చట్టమే అలా రాసి ఉన్నప్పుడు న్యాయమూర్తులు దాన్ని చూడనట్టు నటించలేరు కదా. అయితే స్థోమత అన్నది నిజంగా అడ్డంకేనా? 2001 జనవరిలో భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు కుతుబ్ మినార్, జంతర్ మంతర్ వంటి కట్టడాల దగ్గర పురావస్తు శాఖ చెక్క ర్యాంపులు వేయించింది. 2004 ఏప్రిల్‌లో, లోక్‌సభ ఎన్నికలు నడుస్తుండగానే, మే నెలలో పోలింగ్ జరిగే నగరాల్లో పోలింగ్ కేంద్రాలకు చెక్క ర్యాంపులు వేయాలని సుప్రీంకోర్టు ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. పోలింగ్ కేంద్రంలో ర్యాంపు ఉండటం ఈనాడు ఎన్నికల ఏర్పాట్లలో మామూలు విషయం. ఈ రెండు సందర్భాల్లోనూ దేశపు ఆర్థిక సామర్థ్యం రాత్రికి రాత్రి పెరగలేదు. ఒక తేదీ ఉంది, ఆ తేదీకి జవాబు చెప్పాల్సినవారు ఉన్నారు. 1995 చట్టంలో లేనివి సరిగ్గా ఆ రెండే.

స్థోమత షరతు చేసిన అసలు నష్టం అంతకంటే లోతైనది. ర్యాంపు, వెడల్పు తలుపు, తగిన మరుగుదొడ్డి కొత్త భవనం నమూనాలోనే చేరిస్తే అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం. కట్టేశాక గోడలు పగలగొట్టి చేరిస్తేనే భారం. పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగుకు మించి ఎత్తు లేవకూడదన్నది ర్యాంపుకు కొలత. ఆ వాలుకు కావలసిన జాగా ఖాళీ స్థలంలో ఎవరికైనా దొరుకుతుంది. మెట్లు రోడ్డు దాకా వచ్చేసిన భవనం ముందు దొరకదు. మన నగరాలు అన్నిటికంటే వేగంగా పెరిగింది సరిగ్గా ఈ చట్టం అమల్లో ఉన్న కాలంలోనే. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది, ఆ వెనుకే నగరపు పడమటి వైపు ఒక కొత్త నగరమే లేచింది. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్, తిరుపతి కూడా ఆ ఇరవై ఏళ్లలోనే రూపు మార్చుకున్నాయి. కొత్త కట్టడానికీ పాత కట్టడానికీ తేడా చూపకుండా రెంటికీ స్థోమత మినహాయింపు ఇవ్వడం వల్ల, తక్కువ ఖర్చుతో అయిపోవలసిన పని వాయిదా పడి ఎక్కువ ఖర్చు పనిగా మారింది. డబ్బు లేదన్న సాకును చట్టమే అనుమతించి, ఆ డబ్బు నిజంగానే చాలని పరిస్థితిని చట్టమే తెచ్చింది.

మొదటి నుంచే వీల్‌చైర్‌ను లెక్కలోకి తీసుకున్నచోట ఏం జరిగిందో కూడా మన కళ్లముందే ఉంది. 2002లో మొదలైన ఢిల్లీ మెట్రోలోనూ, 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రోలోనూ ప్లాట్‌ఫారం దాకా లిఫ్టు ఉంది, పెట్టె నేల ప్లాట్‌ఫారంతో సమంగా ఉంది. హైదరాబాద్‌లో మెట్రో స్టేషన్ బయట రోడ్డు మీదికి వచ్చాక ఎక్కాల్సిన సిటీ బస్సుల్లో ఎక్కువ వాటిలో ఆ వీలు లేదు. ఆర్టీసీ బస్సుల్లో వికలాంగులకు ఛార్జీ రాయితీ ఎన్నో ఏళ్లుగా ఉంది, అది మంచిదే. బస్సు మెట్టు ఎక్కలేని మనిషికి మాత్రం ఆ రాయితీ కాగితం మీదే ఉంటుంది.

2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. భారత్ 2007 అక్టోబరు 1న దాన్ని ధ్రువీకరించింది. ఆ ఒప్పందంలోని 9వ అధికరణం అందుబాటును ఒక బాధ్యతగా నిర్దేశించడంతో పాత చట్టాన్ని అతుకులతో సరిపెట్టడం సాధ్యం కాలేదు. 2010 ఏప్రిల్‌లో సుధా కౌల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2011 జూన్‌లో కొత్త చట్టానికి ముసాయిదా ఇచ్చింది. ఆ సంఘానికి న్యాయ సలహాదారు హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం ఆచార్యురాలు అమితా ధాండా. ఆ ముసాయిదా మంత్రిత్వ శాఖల మధ్య రెండున్నరేళ్లు తిరిగి, చిక్కి, 2014 ఫిబ్రవరి 7న బిల్లుగా రాజ్యసభకు వచ్చింది. ప్రవేశపెట్టింది అప్పటి మంత్రి మల్లికార్జున ఖర్గే. వికలాంగుల ఉద్యమం అక్కడ రెండుగా చీలింది. ముందు బిల్లును గట్టెక్కించి లోపాలను సవరణలతో సరిచేయించుకుందామని అబిది వంటివారు వాదించారు. ఇంత పలచబడిన బిల్లు ఒకసారి చట్టమైతే మళ్లీ తెరిపించడం కష్టమని మరికొందరు అడ్డుపడ్డారు. రెండు వాదాల్లోనూ న్యాయముంది. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసినవారికి తొందర ఉండదా? 1995లో తొందరపడి ఏం పోగొట్టుకున్నామో చూసినవారికి అనుమానం ఉండదా?

2014 సెప్టెంబరులో బిల్లు సామాజిక న్యాయ శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘానికి వెళ్లింది. రమేశ్ బైస్ అధ్యక్షతన ఆ సంఘం 2015 మే 7న నివేదిక సమర్పించింది. సభలో బిల్లు చర్చకు వచ్చేసరికి మరో పంతొమ్మిది నెలలు పట్టింది. 2016 డిసెంబరు 14న రాజ్యసభ, 16న లోక్‌సభ దాన్ని ఆమోదించాయి. పెద్ద నోట్ల రద్దు మీద గొడవలతో సమావేశాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయిన రోజులవి. ఈ ఒక్క బిల్లుకు మాత్రం అన్ని పార్టీలూ చేయి కలిపాయి. ఆ ఐక్యతను అందరూ మెచ్చుకున్నారు. నాకు అందులో ఒక లోటు కనిపిస్తుంది. మంత్రి థావర్‌చంద్ గెహ్లోత్ ప్రతిపాదించిన అధికారిక సవరణలు వందకు పైగా ఉన్నాయి. ఇన్ని సవరణలను ఒక్కొక్కటిగా తూచి చూసే వ్యవధి ఆ రెండు రోజుల్లో లేదు. సానుభూతి నిండిన సభలో నిలదీసే గొంతు వినపడదు. వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగిందన్న వార్త పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కింది, అది గొప్ప ముందడుగే. అదే సమయంలో, 2014 బిల్లులో 5 శాతంగా ఉన్న ఉద్యోగ రిజర్వేషన్ 4 శాతమైంది. జాతీయ, రాష్ట్ర కమిషన్ల ఆలోచన పోయి పాత పద్ధతిలో కమిషనర్లే మిగిలారు. చట్టాన్ని ఉల్లంఘిస్తే బిల్లు ప్రతిపాదించిన జైలు శిక్ష తొలగిపోయి జరిమానా ఒక్కటే నిలిచింది. మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా.

స్థోమత షరతు సంగతేమిటి? ముందు వాకిట్లోంచి అది పోయింది, ఆ మేరకు 2016 చట్టం 1995 చట్టం కంటే ఎంతో మెరుగు. ఈ కొత్త చట్టం 44వ సెక్షన్ ప్రకారం నిర్దేశించిన కొలతలు పాటించని కొత్త నిర్మాణానికి అనుమతి ఇవ్వకూడదు, పూర్తయినట్టు ధ్రువపత్రమూ ఇవ్వకూడదు. ఇక్కడ డబ్బు ప్రసక్తే లేదు. 45వ సెక్షన్ ఇప్పటికే ఉన్న ప్రజా భవనాలకు అయిదేళ్ల గడువు పెట్టింది, 46వ సెక్షన్ సేవలందించే సంస్థలకు రెండేళ్లు. ఇది ఉద్యమం సాధించిన నిజమైన విజయం. కానీ 41వ సెక్షన్ చూడండి. పాత వాహనాలను మార్చే విషయంలో సాంకేతికంగా వీలైతే, ఆర్థికంగా గిట్టుబాటైతే, పెద్ద మార్పులు అక్కరలేకపోతే అన్న షరతులు మళ్లీ వచ్చి కూర్చున్నాయి. పాతవాటికే కదా అనుకోవచ్చు. ఎత్తు మెట్లతో ఈరోజు కొన్న బస్సు రేపటికల్లా పాత బస్సే. 45వ సెక్షన్ గడువును కేంద్రం పొడిగించవచ్చని పక్కనే మినహాయింపు ఉంది. అన్నిటికంటే ముఖ్యమైన మెలిక వేరే ఉంది. ఈ అయిదేళ్లు, రెండేళ్లు చట్టం వచ్చిన నాటి నుంచి మొదలు కావు, 40వ సెక్షన్ కింద కేంద్రం కొలతలతో నిబంధనలు ప్రకటించిన నాటి నుంచి మొదలవుతాయి. ఆ నిబంధనలు ఎప్పటిలోగా తేవాలో పార్లమెంటు చెప్పలేదు. అవి ఎంత గట్టిగా ఉండాలో కూడా విడమరచలేదు.

కెనడా పార్లమెంటులో ఇదే చర్చ మరోలా నడిచింది. ఆ దేశపు అందుబాటు చట్టం సి-81 బిల్లుగా 2018 జూన్‌లో దిగువ సభకు వచ్చినప్పుడు అందులో తుది గడువు లేదు. అక్కడి వికలాంగుల సంఘాలు అడిగింది ముఖ్యంగా రెండు: తేదీ పెట్టండి, ప్రభుత్వం చేయవచ్చు అన్నచోటల్లా చేసి తీరాలి అని రాయండి. సెనేట్ సంఘం వారి సాక్ష్యాలు విని, 2040 నాటికి దేశం అవరోధాలు లేనిది కావాలన్న గడువును సవరణగా చేర్చింది. సైగ భాషల గుర్తింపునూ చేర్చింది. దిగువ సభ సెనేట్ సవరణలను ఒప్పుకుంది, 2019 జూన్ 21న బిల్లు చట్టమైంది. రెండో కోరిక మాత్రం తీరలేదు, చాలాచోట్ల ప్రభుత్వ విచక్షణ అలాగే మిగిలింది. ఇరవై ఏళ్ల గడువు చాలా దూరమన్న విమర్శా ఉంది. అయినా ఒక సంఘం గదిలో జరిగిన వాదన చట్టంలో ఒక తేదీగా మిగలడం చరిత్రలో నమోదైంది. మన స్థాయీ సంఘం ఎనిమిది నెలలు పనిచేసింది. తర్వాత వందకు పైగా వచ్చిన సవరణలను మాత్రం మళ్లీ ఏ పార్లమెంటరీ సంఘమూ పరిశీలించలేదు.

ఖర్చు మినహాయింపు లేని చట్టం ఏ దేశంలో ఉంది అని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. 1990 నాటి అమెరికా చట్టంలోనూ పాత దుకాణాలు, హోటళ్లు పెద్ద ఇబ్బంది, ఖర్చు లేకుండా చేయగలిగిన మార్పులే చేయాలి. అక్కడ దిగువ సభలో ఆ బిల్లు నాలుగు సంఘాల ముందుకు వెళ్లింది, రవాణా మీద వాదం హోరాహోరీగా సాగింది. అయితే ఆ వాదం ముగిసిన తీరు గమనించాలి. పాత బస్సులను మార్చనక్కర లేదు. చట్టం వచ్చాక కొత్తగా ఆర్డరు పెట్టే సిటీ బస్సు ప్రతిదీ వీల్‌చైర్ ఎక్కేలా ఉండాల్సిందే. 1993 జనవరి తర్వాత వాడకంలోకి వచ్చే కొత్త భవనానికి ఖర్చు సాకు చెల్లదు. మినహాయింపును పాతవాటి వరకే కట్టడి చేశారు. బస్సులు కాలం చెల్లి మారుతున్నకొద్దీ ఆ మినహాయింపు దానంతటదే కరిగిపోయింది. మన 1995 చట్టం ఆ గీత గీయలేదు. తేడా ఖర్చు గురించి మాట్లాడటంలో లేదు, ఆ మాటకు ఎక్కడ కంచె వేశారన్నదాంట్లో ఉంది.

ఇంకో అభ్యంతరం సంఖ్య గురించి. 2011 లెక్కల్లో వికలాంగులు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా. ఇంత తక్కువమంది కోసం దేశంలోని మెట్లన్నీ మార్చాలా అంటారు. ర్యాంపు వాడేది ఆ లెక్కలో ఉన్నవారే కాదు. మోకాళ్ల నొప్పులున్న ముసలివారు, నిండు గర్భిణులు, కాలు విరిగి కట్టు కట్టించుకున్నవారు, పసిపిల్లను చంకనెత్తుకున్న తల్లులు ఏ లెక్కలోనూ వికలాంగులు కారు. వికలాంగుల్లో మూడింట రెండొంతులకు పైగా పల్లెల్లోనే ఉన్నారు కనుక ఇది నగరాల ముచ్చట అనడమూ సరికాదు. పంచాయతీ ఆఫీసుకు, రేషన్ షాపుకు, ఆరోగ్య కేంద్రానికి గడప దాటి వెళ్లాల్సింది వారే. పట్టుదల ఉంటే ఏ అడ్డంకీ ఆపలేదని చెప్పేవారు ఎస్. జైపాల్ రెడ్డిని ఉదాహరణగా చూపుతారు. పోలియో సోకిన కాళ్లతో, ఊతకర్రల మీద నడుస్తూ ఆయన దేశంలోనే ఎన్నదగిన పార్లమెంటేరియన్ అయ్యారు, కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిగానూ పనిచేశారు. ఆయన ప్రతిభకు చేతులెత్తి నమస్కరించాల్సిందే. మెట్టు మెట్టుకూ అసాధారణ పట్టుదల అవసరమయ్యే దేశం సామాన్యుడైన వికలాంగుణ్ణి ఇంట్లోనే ఉండమంటోందన్నది కూడా ఆ ఉదాహరణే చెబుతోంది.

2017 జూన్ 15న నిబంధనలు వచ్చాయి. అందులో 15వ నిబంధన భవనాలకు, బస్సులకు, వెబ్‌సైట్లకు వేర్వేరు పత్రాలను చూపించి వాటిని పాటించాలంది. భవనాల పత్రం 2016లో పట్టణాభివృద్ధి శాఖ తెచ్చిన మార్గదర్శకాలు. అవి మార్గదర్శకాలుగానే రాసినవి, అంటే ఇలా చేస్తే మంచిదని సలహా ఇచ్చేవి. చట్టం అడిగింది తప్పనిసరి కొలతలను, నిబంధన ఇచ్చింది సలహాలను. స్థోమత షరతు ఈసారి పేరు లేకుండా వచ్చింది. 2022 జూన్‌తో అయిదేళ్ల గడువు ముగిసింది. ఈ మధ్యలో, 2020 జులైలో, వ్యాపారానికి సౌలభ్యం పేరిట 89వ సెక్షన్ సహా శిక్షల సెక్షన్లను రుసుము కట్టి రాజీ చేసుకునేలా సవరించాలని కేంద్ర శాఖ ప్రతిపాదించి, అభిప్రాయాలకు కొద్ది రోజుల గడువే ఇచ్చింది. దేశమంతటా వికలాంగుల సంఘాలు ఒక్కటై నిలబడటంతో దాన్ని విరమించుకుంది. 2016లో పార్టీల ఐక్యత ఇవ్వలేని రక్షణను ఆ నిరసన ఇచ్చింది. జరిమానా వ్యాపారులను వేధించే సాధనమవుతుందన్న భయానికి మన దగ్గర ఆధారం కనిపించదు. ఏ కొలత ఉల్లంఘించారో చెప్పే నిబంధనే లేనప్పుడు జరిమానా ఎవరికి వేస్తారు?

చూపులేని రాజీవ్ రాటూరి అందుబాటు కోసం 2005లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ ఈ కథనంతా దాటుకుంటూ వచ్చింది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు 11 అంశాలపై గడువులతో ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో చూడమని 2023లో నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదిక ఆధారంగా 2024 నవంబరు 8న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం 15(1) నిబంధన మూల చట్టానికి విరుద్ధమని తేల్చింది. ఎవరూ తప్పించుకోలేని కనీస కొలతలను, క్రమంగా చేరుకోవాల్సిన ఉన్నత ప్రమాణాలను వేరుచేసి, మొదటివాటిని తప్పనిసరి నిబంధనలుగా మూడు నెలల్లో తేవాలని ఆదేశించింది. ఆర్థిక సామర్థ్యం అన్న మాటకు న్యాయమైన చోటు ఎక్కడో ఆ విభజన చూపించింది. అది ఉన్నత ప్రమాణాల దగ్గర ఉండవచ్చు, కనీస కొలత దగ్గర ఉండకూడదు.

100వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద కేంద్రం చేసే ప్రతి నిబంధననూ పార్లమెంటు ఉభయ సభల ముందు ముప్పై రోజుల పాటు ఉంచాలి, సభలు కోరితే దాన్ని మార్చవచ్చు, కొట్టివేయవచ్చు. 2017లో 15వ నిబంధన అలా సభ ముందు ఉన్నప్పుడు దాన్ని ఎవరూ ఆపలేదు. కొత్త కొలతల విషయంలో అలా జరగకూడదు. తలుపు వెడల్పు ఎంత, ర్యాంపు వాలు ఎంత, కొత్త బస్సు నేల ఎత్తు ఎంత, ఎప్పటిలోగా అన్న నాలుగు ప్రశ్నలకు అంకెలతో జవాబు ఉందో లేదో తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఆ ముప్పై రోజుల్లోనే చదివి చూడాలి, లేకపోతే సవరణ తీర్మానం పెట్టాలి. ఆ పని చేయమని తమ ఎంపీని అడగవలసింది ఓటర్లే.